హోయ్ ఆన్‌లో ఒక్క రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్య వియత్నాంలో థూ బోన్ నది ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం హోయ్ ఆన్. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఒకచోట చేర్చాం. ప్రయాణం సాగే వరసలోనే ప్రశ్నలున్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ధరలన్నీ వియత్నాం డాంగ్‌లలో ఇచ్చాం. రూపాయికి సుమారు 290 నుంచి 300 డాంగ్‌లు వస్తాయని లెక్క వేసుకోండి.

## బయల్దేరే ముందు

హోయ్ ఆన్‌కి ఒక్క రోజు సరిపోతుందా?

పాతపట్టణం వరకైతే సరిపోతుంది. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతం 30 హెక్టార్లే. ఆ చివర నుంచి ఈ చివరకు తాపీగా నడిచినా ఇరవై నిమిషాలు. ఇబ్బంది అంతా ఎండతో, జనంతో వస్తుంది. అందుకే రోజును రెండు విడతలుగా విడగొట్టుకోండి. ఉదయం 6:30 నుంచి 10:30 వరకు ఒకటి, మధ్యాహ్నం 3:30 నుంచి రాత్రి 9 వరకు రెండోది. నడుమ నాలుగైదు గంటలు నీడపట్టున ఉండాలి. చాలామంది దగ్గర్లోని పెద్ద నగరం డానాంగ్‌లో భోంచేసి ఒంటిగంటకు మండుటెండలో దిగుతారు, గంటలో అలసిపోతారు, పాత ఇళ్లు మూసే వేళకు తేరుకుంటారు. చివరికి లాంతర్ల ఫొటోలు తప్ప ఏమీ చూడకుండానే వెనక్కి వెళ్లిపోతారు.

డానాంగ్‌లో ఉండి వెళ్లి రావాలా, హోయ్ ఆన్‌లోనే రాత్రి ఉండాలా?

వీలుంటే ముందురోజు రాత్రి హోయ్ ఆన్‌లోనే దిగండి. ఊరు అందంగా ఉండేది రెండు వేళల్లో: పొద్దున్నే దుకాణాలు తెరవక ముందు, సాయంత్రం దీపాలు పెట్టాక. డానాంగ్ నుంచి వచ్చేవాళ్లకు వీటిలో ఒకటి తప్పకుండా పోతుంది. అంతకన్నా పెద్ద లాభం మధ్యాహ్నం కాళ్లు చాపుకోవడానికి గది ఉండటం. పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇది చాలా అవసరం. బస పాతపట్టణం నడిబొడ్డున వద్దు. కార్లు లోపలికి రావు, పెట్టెలు మోసుకుంటూ నడవాలి. పది నిమిషాల నడక దూరంలో ఉన్న హోటల్ చాలు. చాలాచోట్ల సైకిళ్లు కూడా ఇస్తారు.

ఏ నెలల్లో వెళ్లాలి? వర్షాలు ఎప్పుడు?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు బాగుంటుంది. మే నుంచి ఆగస్టు దాకా వాన తక్కువ, ఎండా ఉక్కా ఎక్కువ. మన కోస్తా వేసవి తెలిసినవాళ్లకు అది కొత్తేమీ కాదు. సెప్టెంబర్ చివర నుంచి డిసెంబర్ వరకు వానలు, అందులో అక్టోబర్, నవంబర్‌లలో వరదలు. మనకు నైరుతి వెళ్లిపోయాక వాళ్లకు అసలు వానాకాలం మొదలవుతుందని గుర్తుంచుకోండి. దసరా, దీపావళి సెలవులకు టికెట్లు కొనేవాళ్లు ఈ సంగతి మరిచిపోయి ఇబ్బంది పడతారు. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన వరదలో పాతపట్టణం వీధులు మునిగి, జనం పడవల్లో తిరగాల్సి వచ్చింది. ఇక వియత్నాం కొత్త సంవత్సరం 'తెత్' జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య పడుతుంది. ఆ రోజుల్లో అలంకరణ బాగుంటుంది గానీ చిన్న హోటళ్లు, దర్జీ కొట్లు మూసి ఉంటాయి.

లాంతర్ల పండుగ ఏ రోజు? మన తిథులతో చెప్పగలరా?

వాళ్ల చాంద్రమాన నెలలో ప్రతి 14వ తేదీ రాత్రి జరుగుతుంది. మన పంచాంగం ప్రకారం చూస్తే పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు. రెండు లెక్కలూ అచ్చంగా కలవవు కాబట్టి తిథి చూసి టికెట్టు కొనకండి, వియత్నాం చాంద్రమాన క్యాలెండర్‌లో 14వ తేదీ చూసుకోండి. ఆ రాత్రి పాతపట్టణంలో కరెంటు దీపాలు ఆర్పి లాంతర్లు వెలిగిస్తారు, ఇళ్ల ముందు పూజలు చేస్తారు. చూడదగ్గ రాత్రే, కానీ వంతెన మీద అడుగు పెట్టలేనంత జనం. లాంతర్లు మామూలు రోజుల్లో కూడా ప్రతి వీధిలో వెలుగుతాయి. ఆ ఒక్క రాత్రి కోసం ప్రయాణం మొత్తం మార్చుకోవాల్సిన పని లేదు.

వీసా కావాలా? యూపీఐ పనిచేస్తుందా?

భారత పాస్‌పోర్టుకు ఈ-వీసా కావాలి. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, గరిష్ఠంగా 90 రోజులు. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి, పేరు పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే రాయండి. మన ఇంటిపేరు ముందూ వెనకా అవడం వల్ల వచ్చే తప్పులే ఎక్కువ. కనీసం రెండు వారాల ముందు పెట్టుకుంటే తప్పు దొర్లినా దిద్దుకునే సమయం ఉంటుంది. యూపీఐని నమ్ముకోవద్దు. పెద్ద హోటళ్లలో కార్డు తీసుకుంటారు. పడవకు, మార్కెట్లో, వీధి తిండికి నగదే కావాలి. డాలర్లు మార్చుకునే ఉద్దేశం ఉంటే మడతలు, గీతలు లేని కొత్త నోట్లు పట్టుకెళ్లండి.

## చేరుకోవడం, టికెట్టు

డానాంగ్ నుంచి ఎలా వెళ్లాలి? రైలు ఉందా?

హోయ్ ఆన్‌కి రైలూ లేదు, విమానాశ్రయమూ లేదు. రెండింటికీ డానాంగే దిక్కు. దూరం సుమారు 30 కిలోమీటర్లు, కారులో ముప్పావు గంట నుంచి గంట. గ్రాబ్ యాప్‌లో కారు 300,000 నుంచి 400,000 డాంగ్‌ల మధ్య చూపిస్తుంది, వేళను బట్టి మారుతుంది. యాప్‌కి ఇంటర్నెట్ కావాలి కాబట్టి విమానం దిగగానే సిమ్ సంగతి చూసుకోండి. గమ్యస్థానంగా పాతపట్టణంలోని ఇంటి పేరు పెడితే డ్రైవర్ అంచున ఎక్కడో ఆపేస్తాడు, ఎటు నడవాలో మీకు తెలియదు. దానికి బదులు హోటల్ పేరు గానీ, ఉదయమైతే హోయ్ ఆన్ సెంట్రల్ మార్కెట్ అని గానీ పెట్టండి.

టికెట్టు తీసుకోవాల్సిందేనా? ఊరికే వీధుల్లో తిరిగితే కుదరదా?

టికెట్టు విదేశీయులకు 120,000 డాంగ్‌లు, అంటే సుమారు 400 రూపాయలు. పాతపట్టణం అంచుల్లోని కౌంటర్లలో అమ్ముతారు. పాత ఇళ్లు, సంఘ భవనాలు (చైనా వర్తకులు తమ తమ ప్రాంతాల వారీగా కట్టుకున్న గుడి, సమావేశ మందిరాలు), మ్యూజియంలలో మీకు నచ్చిన ఐదింటికి, ఒక్కోదానికి ఒక్కో కూపన్ చొప్పున ప్రవేశం దొరుకుతుంది. ఎన్నాళ్లు చెల్లుతుందో టికెట్టు మీదే రాసి ఉంటుంది, కొన్నప్పుడే చూసుకోండి. ఆ డబ్బులో కొంత పాత కట్టడాల మరమ్మతులకు వెళ్తుంది. ఏటా వరదకు నానే కొయ్య ఇళ్లు 1,107 ఉన్న ఊరది, కాబట్టి తప్పించుకునే దారులు వెతక్కండి. దుకాణాలకు, భోజనానికి, నది ఒడ్డున కూర్చోవడానికి కూపన్లు అక్కర్లేదు.

ఐదు కూపన్లే కదా, దేనికి వాడితే గిట్టుబాటు?

ఒకే రకానివి రెండుకు మించి చూడకండి. రెండు పాత ఇళ్లు, మూడు సంఘ భవనాలు చూసినవాళ్లు మూడోదానికే విసిగిపోతారు. మా ఎంపిక ఇది: జపనీస్ వంతెన లోపలి గుడి, తాన్ కీ లేదా ఫుంగ్ హుంగ్ ఇల్లు, ఫుక్ కియెన్ సంఘ భవనం, త్రాన్ ఫూ వీధిలో 80వ నంబరు పింగాణీ మ్యూజియం. ఐదోది మీ ఇష్టానికి వదిలేస్తున్నాం. సంగీతం ఇష్టమైతే బాక్ డాంగ్ వీధిలోని సంప్రదాయ ప్రదర్శనశాలకు వెళ్లండి, ఆట వేళలు బయట బోర్డు మీద ఉంటాయి. శిల్పం, రంగులు ఇష్టమైతే క్వాంగ్ డోంగ్ సంఘ భవనానికి వెళ్లండి. దాని ముంగిట పింగాణీ ముక్కలు అతికిన డ్రాగన్ ఫౌంటెన్ ఉంది. త్రాన్ ఫూ 64లోని చైనీయుల ఉమ్మడి సంఘ భవనానికి కూపన్ అడగరు, దారిలో తొంగి చూసి రావచ్చు. ఐదు పేర్లూ ముందురోజే కాగితం మీద రాసుకోండి. ఎదురొచ్చిన మొదటి గుమ్మంలో కూపన్ ఇచ్చేసి, అసలైనచోట ఖాళీ చేతులతో నిలబడటమే ఎక్కువమందికి జరిగేది.

నోట్లలో ఇన్ని సున్నాలేంటి? మోసపోకుండా ఎలా?

చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించి, పదోవంతు కలపండి. 150,000 అంటే 150, మూడుతో 450, పదోవంతు కలిపితే 495. అసలు విలువ సుమారు 510 రూపాయలు కాబట్టి బేరానికి ఈ లెక్క చాలు. మోసం కన్నా పొరపాటుకే డబ్బు ఎక్కువ పోతుంది. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే. చీకట్లో పడవ దిగుతూ ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే 1,600 రూపాయలు పోయినట్టే. 10,000, 200,000 నోట్లు కూడా మసక వెలుతురులో దగ్గరగానే కనిపిస్తాయి. పెద్ద నోట్లు వేరే అరలో పెట్టుకోండి. 20,000 నోటుని గుర్తుపట్టడం సులువు, దాని వెనక జపనీస్ వంతెన బొమ్మే ఉంటుంది.

## ఉదయం విడత

పొద్దున ఎన్నింటికి మొదలుపెట్టాలి? ఏ వరసలో తిరగాలి?

ఆరున్నరకు మార్కెట్ దగ్గర మొదలుపెట్టండి. కూరలు, చేపలు, పూలు అమ్మేవాళ్ల సందడి అప్పుడే చూడాలి. అక్కడి నుంచి బాక్ డాంగ్ వీధి పట్టుకుని నది పక్కనే పడమరకు నడిస్తే ఏడు గంటలకు వంతెన దగ్గరుంటారు. పసుపు గోడల మీద ఏటవాలు ఎండ పడుతుంది, ఫొటోలో అడ్డొచ్చేవాళ్లు ఉండరు. అల్పాహారం అయ్యాక ఎనిమిదింటికి ఇళ్లు తెరుస్తారు. బృందాలు తొమ్మిదిన్నర తర్వాత దిగుతాయి కాబట్టి ఇరుకుగా ఉండే పాత ఇల్లు ముందు చూసి, విశాలంగా ఉండే సంఘ భవనం, మ్యూజియం తర్వాతకు ఉంచండి. తొమ్మిది నుంచి పదకొండు వరకు, మళ్లీ మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా ముఖ్య వీధుల్లోకి మోటార్ బండ్లు రావు. మిగతా వేళల్లో పిల్లల చెయ్యి వదలకండి.

జపనీస్ వంతెన అంత చిన్నదా? అందులో చూడటానికి ఏముంది?

నిజమే, చిన్నదే. పొడవు సుమారు 18 మీటర్లు. పెద్ద కట్టడం అనుకుని వెళ్తే నిరుత్సాహం తప్పదు, దగ్గరగా చూస్తే మాత్రం సమయం తెలియదు. 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడ స్థిరపడిన జపాన్ వర్తకులు కట్టించారని చెబుతారు. ఒక చివర జంట కుక్కలు, రెండో చివర జంట కోతులు కాపలా ఉంటాయి. మధ్యలో పక్కకు చొచ్చుకొచ్చిన చిన్న గుడి ఉత్తర దిక్కు దేవుడిది. గుమ్మం మీద ఉన్న పేరు 'లాయ్ వియెన్ కియెవ్', దూరం నుంచి వచ్చినవాళ్ల వంతెన అని అర్థం. 1719లో న్గుయెన్ ఫుక్ చూ ప్రభువు పెట్టిన పేరది. వంతెనను విడదీసి బాగుచేసి 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మొదట్లో 'రంగు మరీ కొత్తగా ఉంది' అని కొందరు గొణిగారు గానీ ఆ పనివల్లే అది ఇంకా నిలబడి ఉంది. పక్క నుంచి చూసే అందం ఎక్కువ, గుడి లోపలికి వెళ్లకపోయినా నది వైపు గట్టు మీద పది నిమిషాలు నిలబడండి.

పాత ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. లోపల ఏం చూడాలి?

ముందు గుమ్మం పైన చూడండి. గుండ్రటి కొయ్య బిళ్లలు రెండు, కళ్లలా ఉంటాయి. వాటిని తలుపు కళ్లు అంటారు, ఇంటిని కనిపెట్టుకుని ఉంటాయని నమ్మకం. పండుగకు ఎర్రగుడ్డ కడతారు. కప్పు మీద ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పరిచిన పెంకులు కనిపిస్తాయి, మన కూనపెంకుటిళ్ల పద్ధతే. లోపలికి వెళ్తే ఇల్లు సన్నగా, సొరంగంలా పొడవుగా పోతుంది, నడుమ ఆకాశం కనిపించే వాకిలి వస్తుంది. మండువా లోగిళ్లు చూసినవాళ్లకు ఆ వెలుతురు, ఆ చల్లదనం తెలిసినవే.

న్గుయెన్ థాయ్ హోక్ వీధిలో 101వ నంబరు తాన్ కీ ఇల్లు. ఒకే కుటుంబం ఏడు తరాలుగా ఉంటోంది. ముందు గుమ్మం వీధిలోకి, వెనక గుమ్మం నది వైపుకి తెరుచుకుంటాయి. సరుకు నది నుంచి దిగి, ఇంట్లోంచి నడిచి, వీధిలో అమ్ముడయ్యేది. స్తంభాల మీది పలకల్లో ముత్యపుచిప్పతో పొదిగిన చైనా పద్యాలున్నాయి. ఒక అక్షరం ఎంచుకుని కళ్లు దగ్గరగా పెట్టి చూడండి. ఒక్కో గీతా ఒక్కో పక్షి, రెక్క విప్పినవి కొన్ని, మెడ వంచినవి కొన్ని. తర్వాత వెనక గదిలో గోడ మీద వరద గుర్తులు వెతకండి, పక్కన సంవత్సరం రాసి ఉంటుంది. 1964 గీత మనిషి తలను దాటి ఉంటుంది.

వంతెన అవతల, న్గుయెన్ థీ మిన్ ఖాయ్ వీధిలో నాలుగో నంబరు ఫుంగ్ హుంగ్ ఇల్లు. మేడ మీద నేలలో కొయ్య తలుపు ఉంది. నీళ్లు వస్తున్నాయంటే ఆ కంతలోంచి సరుకు పైకి లాగేసేవాళ్లు. ఈ ఊరు వరదతో ఎలా కాపురం చేసిందో ఆ ఒక్క తలుపు చెబుతుంది.

ఫుక్ కియెన్ గుడిలోకి మనం వెళ్లొచ్చా? బట్టలకు నియమం ఉందా?

వెళ్లొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. త్రాన్ ఫూ 46లోని ఈ భవనం చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చిన వర్తకులది. ప్రధాన దేవత థియెన్ హౌ, సముద్రం మీద వెళ్లేవాళ్లను కాచే తల్లి. ఆమె ముందు కాపలాగా ఇద్దరుంటారు, ఒకరు వేల మైళ్ల దూరం చూడగలరు, ఇంకొకరు అంత దూరం వినగలరు. వెనక గదిలో పన్నెండుమంది మంత్రసాని దేవతల బొమ్మలున్నాయి, సంతానం కోరేవాళ్లు అక్కడ మొక్కుకుంటారు. పైకప్పు నుంచి వేలాడే శంకువు ఆకారపు అగరుచుట్టలు వారాల తరబడి కాలుతూనే ఉంటాయి. వాటికింద నిలబడి ఫొటో దిగేటప్పుడు నిప్పు బూడిద నెత్తిన రాలుతుంది, పట్టుచీరలు జాగ్రత్త.

పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తిరగగలరా?

వీధులు చదునుగానే ఉంటాయి. అడ్డంకి గడపలు, మెట్లు. పాత ఇళ్లకు ఎత్తైన కొయ్య గడపలుంటాయి, ఫుంగ్ హుంగ్ మేడ మెట్లు నిటారుగా ఉంటాయి. మేడ ఎక్కకుండానే చూసే తాన్ కీ మేలు. జపనీస్ వంతెన నడుమ వంపు తిరిగి ఉంటుంది, తడిగా ఉంటే జారుతుంది. నడవలేనివాళ్లకు సిక్లో రిక్షా దొరుకుతుంది, ఎక్కేముందే మొత్తం ధర, ఎంతసేపు అన్నది ఫోన్‌లో టైపు చేసి చూపించండి.

శివాలయాలున్న మీసోన్ కూడా అదే రోజు చూడొచ్చా?

చూడొచ్చు, కానీ హోయ్ ఆన్ ఉదయం విడత వదులుకోవాలి. మీసోన్ సుమారు 40 కిలోమీటర్లు, గంటకు పైగా ప్రయాణం. ఆరింటికే తెరుస్తారు. ఐదున్నరకు కారు ఎక్కితే ఎండ ముదరకముందే చూసి, పదకొండుకు తిరిగి రావచ్చు. టికెట్టు 150,000 డాంగ్‌లు, గేటు నుంచి గుళ్ల దాకా బ్యాటరీ బండి అందులోనే. 4వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ భద్రేశ్వరుడనే పేరుతో ఇక్కడ శివుణ్ని ప్రతిష్ఠించాడు. 13వ శతాబ్దం దాకా గుళ్లు కడుతూనే వచ్చారు. 1969లో అమెరికా బాంబు దాడిలో చాలా గుళ్లు కూలాయి. ఏ, హెచ్, కె అని పిలిచే గుళ్ల సమూహాలను మన భారత పురావస్తు శాఖ బాగుచేసింది. ఆ పనిలోనే 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. చంపా కాలంలో ఈ ప్రాంతం పేరు అమరావతి అని తెలిస్తే తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. గుళ్లంటే ఆసక్తి ఉన్నవాళ్లు రెండో రోజు కేటాయించడమే న్యాయం.

## తిండి, మధ్యాహ్నం

మేం పూర్తి శాకాహారులం. ఏం తినాలి, ఎలా అడగాలి?

గుర్తుంచుకోవాల్సిన మాట 'చాయ్'. మన టీ కాదు, శాకాహారం అని అర్థం. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. బౌద్ధ సంప్రదాయం కాబట్టి చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు హోటల్లో 'తోయ్ అన్ చాయ్' అంటే నేను శాకాహారం తింటాను అని. వాళ్ల భాషలో స్వరం మారితే అర్థం మారిపోతుంది కాబట్టి నోటిమాటను నమ్ముకోకుండా అనువాదం ఫోన్‌లో చూపించండి. 'మాంసం వద్దు' అంటే సరిపోదు. చేపల పులుసునీళ్లు 'న్యూక్ మామ్' దాదాపు ప్రతి వంటకంలో పడుతుంది, కూరగాయల వేపుడులో కూడా. దాని పేరు పెట్టి వద్దని రాయాలి. ఊళ్లో పేరున్న 'తెల్ల గులాబీ' కుడుముల్లో రొయ్యలుంటాయి, తెల్లగా కనిపించాయని తినెయ్యకండి. రొట్టెలో టోఫూ పెట్టిన బాన్ మీ చాయ్, మన అట్టులాంటి బాన్ సియో చాయ్, నూడుల్స్ కావాలంటే మీ క్వాంగ్ చాయ్ అడగండి. వాళ్ల చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో చాలామంది స్థానికులు శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో మార్కెట్లో కూడా చాయ్ బళ్లు పెరుగుతాయి. లాంతర్ల రాత్రి తర్వాతి రోజు 15వ తేదీయే. ఇండియన్ రెస్టారెంట్లు కూడా ఉన్నాయి, పెద్దవాళ్లకు రాత్రి అన్నం పప్పు లేనిదే కుదరదంటే పనికొస్తాయి.

మాంసాహారులు తప్పకుండా తినాల్సినవేంటి?

మొదటిది కావ్ లౌ. లావుగా, నమిలితే సాగే బియ్యపు నూడుల్స్ మీద పలచని పంది మాంసపు ముక్కలు, ఆకుకూరలు, కరకరలాడే చిన్న పలకలు, అడుగున రెండు గరిటెల పులుసు. బియ్యాన్ని కట్టెబూడిద నీళ్లలో నానబెట్టడం వల్ల ఆ రంగు, ఆ బిగువు వస్తాయి. బా లే బావి నీళ్లతో చేస్తేనే అసలు రుచి అని ఊరివాళ్ల మాట. పంది తినని వాళ్లకు కమ్ గా ఉంది, పసుపు అన్నం మీద చీరిన కోడి మాంసం, పచ్చి ఉల్లిపాయ, పుదీనా. కారం మనవాళ్లకు చాలదు, పక్కన మిరప ముద్ద అడగండి. కమ్ గా కొట్లు కొన్ని మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయి, కాబట్టి పన్నెండు లోపు వెళ్లండి.

పన్నెండు నుంచి మూడున్నర దాకా ఏం చెయ్యాలి?

గదికి వెళ్లి పడుకోండి. నిద్ర పట్టనివాళ్లకు ఆన్ బాంగ్ బీచ్ నాలుగైదు కిలోమీటర్లు, కొబ్బరాకుల నీడలో కుర్చీలుంటాయి. దారిలోనే త్రా క్వే అనే కూరగాయల ఊరు తగులుతుంది. పుదీనా, తులసి జాతి ఆకులు, పాలకూరలు మడుల్లో పెంచుతారు, దగ్గరి నీళ్లలో పెరిగే నాచునే ఎరువుగా వేస్తారు. ఎండ తగ్గాక సైకిల్ మీద వెళ్తే హాయిగా ఉంటుంది. బుట్ట పడవల ఊరు కామ్ థాన్ పిల్లలకు సరదా. అయితే నీటి కొబ్బరి చెట్ల మధ్య పెద్ద స్పీకర్లలో పాటలు మోగుతూ ఉంటాయి, ప్రశాంతత కోరి వెళ్లేవాళ్లు ఉదయం ఎనిమిది లోపే వెళ్లాలి.

ఒక్క రోజులో సూటు గానీ బట్టలు గానీ కుట్టించుకోవచ్చా?

కుట్టిస్తామని ప్రతి కొట్టూ అంటుంది. నిజానికి కనీసం రెండు రోజులు, రెండుసార్లు వేసి చూసుకోవడం కావాలి. ఒకే రోజు ఉంటే పైజామా, చొక్కా, గౌను వంటి అతుకులు తక్కువున్నవి మాత్రం ఇవ్వండి. ఉదయం తొమ్మిదికే కొలతలిచ్చి, సాయంత్రం నాలుగింటికి వేసి చూసుకుని, ఎనిమిదికి తీసుకోవాలి. సగం డబ్బే ముందివ్వండి. భుజం, చంక దగ్గర బిగుతు ఉంటే అక్కడే చెప్పండి, చేతులు పైకెత్తి, కూర్చుని చూడండి. 'పట్టు' అన్న ప్రతిదీ పట్టు కాదు. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చమనండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితే పట్టు, ముద్దకట్టి గట్టిపడితే పాలియెస్టర్. కంచిపట్టు, పోచంపల్లి చేతులతో పట్టి చూసినవాళ్లకు ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

## సాయంత్రం

పడవ ఎన్నింటికి ఎక్కాలి? ఎంత ఇవ్వాలి?

సూర్యాస్తమయం అయిన పావుగంటకు ఎక్కండి. ఆకాశం ఇంకా నీలంగా ఉండి, లాంతర్లు వెలిగే ఆ ఇరవై నిమిషాలే కళ్లకూ కెమెరాకూ మంచివి. పూర్తిగా చీకటి పడ్డాక నది మీద పడవలే పడవలు. నవంబర్, డిసెంబర్‌లలో సూర్యుడు ఐదుంపావు ప్రాంతంలో, జూన్‌లో ఆరుంపావు దాటాక దిగుతాడు. చిన్న పడవకు ఖరారు చేసిన ధర ఒకరి నుంచి ముగ్గురి వరకు 150,000, నలుగురు ఐదుగురైతే 200,000 డాంగ్‌లు, ఇరవై నిమిషాలకు. ధర మనిషికి కాదు, పడవకు. ఆ మాట ఎక్కేముందే రూఢి చేసుకోండి, వచ్చే గొడవలన్నీ దాని మీదే. లైఫ్ జాకెట్ వేసుకోండి. పడవలో నిలబడి ఫొటోలు వద్దు.

నదిలో వదిలే దీపం కొనాలా?

కాగితపు దొన్నెలో కొవ్వొత్తి పెట్టి ఇస్తారు, కోరిక కోరుకుని వదులుతారు. కార్తీకంలో నదిలో అరటిదొప్ప దీపాలు వదిలే మనకు ఆ భావం చెప్పక్కర్లేదు. పడవ మీది నుంచి వదలడానికి పొడవాటి కర్ర ఇస్తారు, నీళ్ల మీదికి వంగకండి. చేతిలోకి తీసుకునే ముందే ధర అడగండి, తీసుకున్నాక బేరం ఉండదు. ఇంటికి ఒకటి చాలు, ఆ కాగితమంతా చేరేది నదిలోకే.

కావడి మోసే ఆవిడ భుజం మీద పెడితే ఏం చెయ్యాలి?

పళ్ల కావడి, శంకువు ఆకారపు టోపీ మీకు తగిలించి ఫొటో తియ్యమంటారు, తర్వాత డబ్బో, పళ్లు కొనమనో అడుగుతారు. ఫొటో కావాలనుకుంటే ముందే ధర ఒప్పుకుని సంతోషంగా ఇవ్వండి, అది వాళ్ల కష్టం. వద్దనుకుంటే చెయ్యి అడ్డంగా ఊపి నవ్వి ముందుకు నడవండి. రాత్రి బజారులోని లాంతరు కొట్ల ముందు ఫొటోకి కూడా చిన్న మొత్తం అడుగుతారు.

రాత్రి బజారు ఎక్కడ? ఇంకా ఏముంటుంది?

నది అవతల ఆన్ హోయ్ లంకలో, న్గుయెన్ హోవాంగ్ వీధి. లాంతర్లు మడిచి పెట్టెలో పెట్టుకునేవి కొనండి, వెదురు బద్దలు విరిగి ఉన్నాయేమో తెరిచి చూడండి. బేరం ఆడొచ్చు. అక్కడికి దగ్గర్లోనే రాత్రి ఏడు ప్రాంతంలో బాయ్ చోయ్ జరుగుతుంది. పేక ముక్కలతో ఆడే హౌసీ లాంటి ఆట, అంకె పిలిచే బదులు పాట పాడి ముక్క చెబుతారు. 2017లో యునెస్కో దీన్ని వారసత్వ కళగా గుర్తించింది. భాష రాకపోయినా కార్డు కొనుక్కుని కూర్చోండి, పక్కవాళ్లు మీ ముక్క వచ్చిందని చెబుతారు.

వాన పడితే రోజు పాడైనట్టేనా?

మామూలు వానకు కాదు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఎక్కడైనా దొరుకుతుంది, వానలో వీధులు ఖాళీ అయి పసుపు గోడలు ఇంకా మెరుస్తాయి. మ్యూజియం, సంఘ భవనం అప్పుడు చూడండి. వరద వేరు సంగతి. థూ బోన్‌కి మూడు స్థాయిల హెచ్చరికలిస్తారు, మూడోది ప్రమాదకరం. హోటల్‌వాళ్లను ముందురోజు సాయంత్రమే అడగండి, వాళ్లకు నీటి లెక్క కంఠతా వచ్చు. నీళ్లు బాక్ డాంగ్ గట్టు తాకుతున్నాయంటే ఆ రోజు డానాంగ్‌లో చాం శిల్పాల మ్యూజియం చూసుకోండి. మునిగిన వీధిలో పడవ షికారు వద్దు, కిందున్న కాలువలు, తెగిన తీగలు కనబడవు.

రాత్రి డానాంగ్‌కి బండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ తొమ్మిది తర్వాత అందరూ ఒకేసారి పిలుస్తారు, యాప్‌లో ధర పెరుగుతుంది. ఎనిమిదిన్నరకే పిలవండి, లేదా పొద్దున తెచ్చిన కారునే తిరుగు ప్రయాణానికి మాట్లాడుకోండి. నది ఒడ్డున నిలబడి పిలిస్తే డ్రైవర్ రాలేడు. ఉత్తరం వైపు కార్లు తిరిగే పెద్ద వీధి దాకా నడిచి, ఏదైనా హోటల్ గుమ్మం ముందు నిలబడి పిలవండి.

ఇద్దరికి మొత్తం ఎంతవుతుంది?

డానాంగ్ నుంచి రానూపోనూ కారు 700,000, టికెట్లు 240,000, పడవ 150,000, ఇద్దరి తిండి 600,000. మొత్తం 1,690,000 డాంగ్‌లు, దాదాపు 5,700 రూపాయలు. ఇందులో బస, బట్టలు, లాంతర్లు లేవు. చిల్లర ఖర్చులకు 10,000, 20,000 నోట్లు కనీసం పది దగ్గర ఉంచుకోండి. పడవవాళ్ల దగ్గరా, దీపాలమ్మే పిల్లల దగ్గరా 500,000 నోటుకు చిల్లర ఉండదు.